తెల్ల మూటలో అక్క ఉత్తరం

మొన్న జహీరాబాద్ వెళ్లినప్పుడు మా అమ్మాయి స్వాతి ల్యాప్‌టాప్‌లో ఒక నల్లటి కిటికీ తెరిచి, పైథాన్ అనే మాటతో మొదలయ్యే ఒకే ఒక్క వాక్యం కొట్టింది. అంతే, అందులో ఉన్న కాగితాల ఫొటోలన్నీ ఇంట్లో అందరి ఫోన్లలోనూ కనబడసాగాయి. ఇంటర్నెట్‌లోకి ఎక్కించలేదు, ఒక్కొక్కరికీ పంపుతూ కూర్చోలేదు. ఆ ఇంటి వైఫైలో ఉన్నవాళ్లు అంకెలూ చుక్కలూ కలిసిన ఒక అడ్రసు కొడితే చాలు, నంబర్ల జాబితా వస్తుంది. నంబరు మీద వేలు పెడితే కాగితం తెరుచుకుంటుంది. "ఇంతేనా?" అన్నాను. "ఇంతే డాడీ. ఐదు సెకన్ల పని" అంది. ఆ ఐదు సెకన్ల పని, నేను నలభై ఏళ్లకు పైగా దాచిన ఒక ఉత్తరాన్ని తీసుకుపోయి మా అక్క చేతిలో పెట్టింది. ఉత్తరం అక్కదే. దాచింది నేను. ఈ అధ్యాయం రాయకుండానే పుస్తకం ముగిద్దామనుకున్నాను, ఇప్పుడిక రాయక తప్పదు.

నాయిన అర్జీలు రాసేవాడు. జహీరాబాద్ తాలూకా కచేరీ ముందు రేకుల నీడలో ఒక పొట్టి మేజా, దాని వెనక ఒక ఇనుప కుర్చీ, అదే ఆయన దుకాణం. ఊళ్లో అందరూ మున్షీ సాబ్ అనేవాళ్లు. నిజాం కాలపు బడిలో చదివినవాడు కనుక ఉర్దూ వెన్నతో పెట్టిన విద్య. తెలుగు గుండ్రంగా, ముత్యాలు పేర్చినట్టు రాసేవాడు. బీదర్ వైపు నుంచి వచ్చినవాళ్లతో కన్నడం మాట్లాడేవాడు. రాయికోడ్ నుంచి, న్యాల్‌కల్ నుంచి, చిరాగ్‌పల్లి నుంచి సద్దిమూటలు కట్టుకుని జనం వచ్చేవాళ్లు. బాయి తగాదా, బాట తగాదా, పట్టాలో తప్పుపడిన పేరు, రాని పింఛను, ఎవరి గోస వాళ్లది. నాయిన ప్రతి అర్జీ కింద రెండు కార్బన్ కాగితాలు పెట్టి, పెన్ను గట్టిగా ఒత్తి రాసేవాడు. ఒకటి కచేరీకి, ఒకటి అర్జీదారుకి, మూడోది మా ఇంటికి. "కచేరీల కాయిదం పోతది, పేదోని ఇంట్ల చెదలు తింటది. మన తాన ఉంటేనే ఉన్నట్టు" అనేవాడు. ఇతరుల కాగితాల విషయంలో ఆయన నిజంగానే ధర్మాత్ముడు. ఆ సంగతి కాదంటే పాపం తగులుతుంది నాకు.

మా ఇంట్లో నడిమి అర్ర మొత్తం ఆ మూడో కాగితాలదే. ఊరికొక మూట, ఎర్ర బట్టలో కట్టి, చెక్క బల్లల మీద వరసగా. మూటలో ఇంటిపేర్ల వారీగా దొంతరలు, పాతవి అడుగున, కొత్తవి పైన. పురుగు పట్టకుండా మధ్యమధ్య వేపాకు. తలుపు తీస్తే కార్బన్ కాగితపు జిడ్డు వాసన, ఎండిన వేపాకు వాసన, కలరా ఉండల ఘాటు కలిసి ముక్కుకు కొట్టేవి. ఇవతల వంటింట్లో అమ్మ కట్టెల పొయ్యి మీద జొన్నరొట్టెలు కాల్చేది, పుంటికూర తాలింపు పెట్టేది. ఆ వాసన అర్రలోకి పోయేది కాదు, ఈ వాసన వంటింట్లోకి వచ్చేది కాదు. రెండింటి వాసనా ఒంటికి పట్టిన మనిషి ఇంట్లో ఒక్కతే, మా అక్క సరోజ.

సాయంత్రం నాయిన కచేరీ నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని మంచం మీద కూర్చునేసరికి అరుగు మీద నలుగురైదుగురు ఉండేవాళ్లు. పాత అర్జీ నకలు కావాలనో, దానికి ఏం రాశారో మళ్లీ చదివి వినిపించమనో. నాయిన వాళ్ల మాట విని, తల తిప్పకుండా ఇంట్లోకి కేకవేసేవాడు. ఊరు, ఇంటిపేరు, మనిషి, పని. "న్యాల్‌కల్! కుమ్మరి మల్లయ్య! బాయి!" అంతే, అందులో అక్క పేరుండదు, తెమ్మనే మాట ఉండదు. అరుగు మీద మల్లయ్య చాయ్ సగం తాగేలోపు కాగితం నాయిన చేతిలో ఉండేది. అక్క మూట విప్పి, బొటనవేలితో అడుగునుంచి పైకి దొంతరను సర్రున విదిలిస్తూ చూసేది, పాతవి కిందుంటాయి కనుక. జాబితా లేదు, పుస్తకం లేదు, అంతా తలలోనే. ఒకసారి నాయిన మల్లయ్య కాగితం అందుకుని చదవబోతుంటే తలుపు వెనకనుంచి అక్క అంది, "నాయినా, కుమ్మరి మల్లయ్య ఒక్కడు గాదు. న్యాల్‌కల్‌ల ఇద్దరున్నరు. గీయన తండ్రి పేరు లింగయ్య. గీయనదే దెచ్చిన, జర సూడు." మల్లయ్య నోరు తెరిచి, "అవును సాబ్, మా బాపు లింగయ్యనే. పిల్లకు ఎట్ల ఎరుక?" అన్నాడు. నాయిన ముసిముసిగా నవ్వి, "అది పిల్ల కాదయ్యా, నా బీరువా" అన్నాడు. అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేనూ నవ్వాను. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే ఒళ్లు మండుతుంది.

ఎర్ర మూటలు కాక ఒక పెద్ద తెల్ల మూట ఉండేది. అర్జీదారు చనిపోయాడని తెలిస్తే అతని కాగితాలు ఎర్ర బట్టలోంచి తీసి అందులో కట్టేవాళ్లు. పోయినవాళ్ల మూట పెళ్లికాని పిల్ల ముట్టగూడదని మా నాయనమ్మ పెట్టిన కట్టడి. ఆమె పోయినా కట్టడి మిగిలింది. అక్క ఎర్ర మూటలోంచి ఆ కాగితాలు తీసి గడప మీద పెట్టి వెనక్కి జరిగేది. నాయిన వాటిని తెల్ల మూటలో చేర్చి, చేతులు కడుక్కుని వచ్చేవాడు. పక్కింటి దర్జీ కూతురు రజియా ఒకసారి ఇది చూసి, "కాయిదానికి గూడ దయ్యం పడతదా సరోజా?" అని పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు. ఆ ఇంట్లో ఉన్న కాగితాలన్నిటిలో తన చేతికి అందనివి అవొక్కటేనని చిన్నబుచ్చుకునేది.

అక్కను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. నడిమి అర్ర పెరిగిపోయింది, అమ్మకు చదువు రాదు, నాయినకు వెతికితే కాగితం దొరకదు. అయినా రజియాతో కలిసి ఇంట్లోనే చదివి, పది ప్రైవేటుగా కట్టి ఇద్దరూ పాసయ్యారు. లెక్కల్లో రజియా కంటే అక్కకే ఎక్కువ వచ్చాయి. ఆ తర్వాత పంతులమ్మల ట్రైనింగుకు పరీక్ష పడింది. దరఖాస్తు నాయినే రాశాడు, తన ముత్యాల రాతతో, రెండు కార్బన్లు పెట్టి. "రాయనీ, పోయేదేముంది. వందల మంది రాస్తరు, మనకేమన్న వస్తదా" అని అమ్మతో అన్నాడు. పరీక్ష రాసొచ్చిన రోజునుంచి అక్క నడకే మారింది. అర్రలో మూటలు కట్టేటప్పుడు కూనిరాగం తీసేది. అమ్మ చీటిగుడ్డ తెచ్చి, హాస్టల్లో కట్టుకోవడానికని రజియా వాళ్ల నాన్న దగ్గర రెండు రవికలు కుట్టించింది, ఒకటి ఆకుపచ్చ, ఒకటి పసుపు. అవి మడతపెట్టి చీరల కింద దాచుకుంది అక్క.

టపా మా ఇంటికి వచ్చేది కాదు. ఊళ్లవాళ్ల జవాబులన్నీ మున్షీ సాబ్ పేరు మీదే వస్తాయి కనుక పోస్ట్‌మన్ కట్ట మొత్తం కచేరీ ముందే నాయినకు ఇచ్చేవాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. ఇంటర్ అయిపోయి, హైదరాబాద్‌లో డిగ్రీ చేరాలని కాళ్లు నిలవకుండా ఉన్నాను. ఆ మధ్యాహ్నం నాయినకు సద్ది పట్టుకుపోయాను. ఆయన రొట్టె తింటూ కట్టలోంచి ఒక కవరు తీసి చింపాడు. చదివాడు. రొట్టె నమలడం ఆపాడు. కాగితం నా వైపు జరిపాడు. టైపు కొట్టిన కాగితం, పేరు దగ్గర మాత్రం నీలి సిరా. అక్క ఎంపికైంది, ఫలానా తేదీలోగా వచ్చి చేరాలి. సంతోషంతో నేను లేచి నిలబడ్డాను కూడా. అది రాసుకోవాలి, ఒక్క నిమిషం నాకు నిజంగా సంతోషమైంది.

"కూసో" అన్నాడు నాయిన. చెయ్యి తుడుచుకున్నాడు. "అది పోతే కాయిదాలెవలు తీస్తర్రా? నాకు కండ్లు సరిగ ఆనుతలేవు. మీ అమ్మకు అచ్చరం రాదు. నువ్వుంటవా? హైదరాబాద్ బంద్ వెట్టుకోని కూసుంటవా నడిమి అర్రల?"

కచేరీ గోడ మీద కాకి అరుస్తోంది. నాయిన నా ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు. ఆయన నన్ను బెదిరించలేదు, బతిమాలలేదు. ప్రశ్న వేసి, రొట్టె తినడం మొదలుపెట్టాడు.

"రెండేండ్లే గద నాయినా ట్రైనింగు" అన్నాను చివరికి.

"రెండేండ్లు ఆగుతవా మరి?"

రెండేళ్లు. నాకు అప్పుడవి రెండు జన్మలంత అనిపించాయి. నాతో చదివిన ముగ్గురు అప్పటికే హైదరాబాద్‌లో గది మాట్లాడుకున్నారు. నాయిన ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, తనలో తాను అనుకున్నట్టు, "ఇంట్ల ఏడ వెట్టినా దానికి దొరుకుతది" అన్నాడు. అప్పుడు నేనన్నాను. నా నోటితో నేనే అన్నాను. "తెల్ల మూటల వెడితే సూడదు."

నాయిన కాసేపు నన్ను తేరిపార చూశాడు. మెచ్చుకున్నాడో, అసహ్యించుకున్నాడో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. ఉత్తరం తీసి నాకిచ్చాడు. చించి పారేస్తే పోయేది కదా అంటారు ఎవరైనా. మా ఇంట్లో కాగితం చించడమనేది లేదు. మనిషి బతుకు చింపినా కాగితం చింపని ఇల్లు అది. అక్క బావి దగ్గరకు నీళ్లకు పోయిన వేళ చూసి, తెల్ల మూట విప్పి, చనిపోయినవాళ్లందరి కిందా, అట్టడుగున పెట్టి కట్టేశాను. చేతులు కడుక్కున్నాను కూడా, ఆచారం ప్రకారం.

వారం తర్వాత రజియాకు ఉత్తరం వచ్చింది. అక్క పరుగెత్తుకుంటూ కచేరీ దాకా పోయింది, ఎప్పుడూ పోనిది. నాయిన తలెత్తకుండా, "వస్తే ఇయ్యనా బిడ్డా" అన్నాడు. అప్పుడు రజియా చెప్పింది, తాను పోయి చూడలేదు గానీ సంగారెడ్డిలో ఆఫీసు గోడకు జాబితా అంటించారని, టపాలో తప్పిపోయినా అక్కడ పేరుంటుందని. అక్క నా దగ్గరకొచ్చింది. "తమ్మీ, జర పోయి సూసిరావా? నీకు పుణ్యముంటది. నాయినకు చెప్పకు" అంది. దారి ఖర్చులకు అమ్మ పోపుడబ్బాలోంచి తీసిచ్చింది. నేను బస్సెక్కి సంగారెడ్డి పోయాను. ఆఫీసు వైపు పోలేదు. పోయి చూసేదేముంది, పేరుందని నాకు తెలుసు. సినిమాహాల్లో మధ్యాహ్నం ఆట చూశాను. బయటికొచ్చి మిర్చిబజ్జీ తిన్నాను. సాయంత్రం బస్సు దిగేసరికి అక్క సందు మొదట్లో నిలబడి ఉంది. "నీ పేరు లేదక్కా" అన్నాను. "మొత్తం సూసినవా? కిందిదాక?" అంది. "కిందిదాక సూసిన" అన్నాను. తల ఊపింది. "పోనీ తియ్యి. ఎండల పడి పోయొచ్చినవ్, మొకం కడుక్కో, చాయ్ పెడ్త" అని ఇంట్లోకి పోయింది.

ఏడ్చి ఉంటే, అరిచి ఉంటే, నేను చెప్పేసేవాణ్నేమో. చెప్పేవాణ్ని కాదేమో. ఆ చాయ్ మాత్రం తాగాను.

ఆకుపచ్చ రవిక, పసుపు రవిక ఇంట్లోనే తొడుక్కుని, మూటలు మోస్తూ మోస్తూ చంకల్లో చిరిగేదాకా వాడింది. నేను హైదరాబాద్ పోయాను. చదివాను, లెక్చరర్నయ్యాను, పుస్తకాలు రాశాను. సభల్లో ఆడపిల్లల చదువు గురించి మాట్లాడమని నన్ను పిలిచేవాళ్లు. పోయేవాణ్ని. బాగానే మాట్లాడేవాణ్ని, చప్పట్లు కూడా కొట్టేవాళ్లు. సిగ్గులేనివాడికి నవ్వే సింగారమని ఊరికే అనలేదు. మరో నాలుగైదేళ్లకు నాయినకు చూపు బొత్తిగా తగ్గి అర్జీలు రాయడం మానుకున్నాక, బీరువాతో ఇక పనిలేక, అక్కకు పెళ్లి చేశారు. ఊళ్లోనే, భార్య పోయిన ఒక గుమాస్తాకు. ఆయన మొదటి భార్య కొడుకు రమేశ్‌ను కన్నకొడుకులాగే పెంచింది. మంచివాడు రమేశ్, అక్కను కళ్లలో పెట్టుకుని చూసుకుంటాడు. కాబట్టి అక్క జీవితం బాగానే గడిచిందని నేను చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. కానీ రజియా పంతులమ్మై, హెడ్మిస్ట్రెస్సై, పండుగకో పెళ్లికో వచ్చి అక్కను చూడబోతే, చిన్నప్పుడు ఒకే పీట మీద కూర్చుని లెక్కలు చేసిన మనిషిని అక్క "మీరు కూసోండి" అనేది. తాను కింద చాప మీద కూర్చునేది. "ఏంది సరోజా గిట్ల, మీరు మీరంటవ్" అని రజియా కసురుకునేది. "మీరు పరీచ్ఛలు గెల్చినోళ్లు. నాకంత తెలివెక్కడిది" అని నవ్వేది అక్క. అలాంటప్పుడు నేనుంటే లేచి బయటికి వచ్చేవాణ్ని.

నాయిన పోయాక కాగితాలను ఏం చేద్దామన్న మాట వచ్చింది. నేను తీసుకుపోతానన్నాను. తండ్రి రాతలు కాపాడుకుంటున్న కొడుకని బంధువులు మెచ్చుకున్నారు. తెల్ల మూట అక్క చేతికి పోకుండా ఉండాలని తప్ప నాకు ఇంకో ఆలోచన లేదు. హైదరాబాద్‌లో ఒకసారి విప్పి చూశాను. ఉత్తరం ఉంది. చించడానికి చెయ్యి రాలేదు, ఇవ్వడానికి నోరు రాలేదు. మళ్లీ అడుగునే పెట్టాను. అక్కకు పెళ్లయింది కదా, ఇప్పుడిచ్చి ఏం లాభం అనుకున్నాను. తర్వాత, పిల్లవాడు పెద్దవాడయ్యాడు కదా అనుకున్నాను. తర్వాత ముసలిదైంది కదా అనుకున్నాను. చెప్పకూడదనుకుంటే ఏ వయసుకు ఆ సాకు దొరుకుతుంది.

ఈ ఏడు స్వాతి పట్టుబట్టి తాత కాగితాలన్నీ ఒక్కొక్కటే ఫొటో తీసింది. వందల కాగితాలు, చదవలేదు, నంబర్లేసుకుంటూ పోయింది. ఉర్దూ ఎలాగూ రాదు. "తెల్ల మూటలోవి వద్దమ్మా. పోయినవాళ్లవి, అత్తమ్మకు చూపిస్తే బాధపడుతుంది" అన్నాను. "తీస్తాను డాడీ, కానీ చూపించను, వేరే ఫోల్డర్‌లో పెడతా" అంది. ఎర్రవి ఒక ఫోల్డరు, తెల్లవి ఒక ఫోల్డరు, రెండూ కలిపి తాతయ్య అనే పెద్ద ఫోల్డర్లో. మూట ఆమెకు ఇచ్చేముందు ఉత్తరం తీసేద్దామనే అనుకున్నాను. ఏదో సభకు పోయొచ్చేసరికి ఆమె మూట విప్పేసింది.

అవి తీసుకుని జహీరాబాద్ పోయాం, ఆ కాగితాల్లోని మనుషులను గుర్తుపట్టగలిగింది ఇప్పుడు అక్క ఒక్కతే కనుక. రమేశ్ ఇంట్లో ముందు గదిలో ల్యాప్‌టాప్ పెట్టి, స్వాతి ఆ వాక్యం కొట్టింది. ఎర్రవి ఫోల్డర్లోకి పోయి కొట్టవలసింది, ఒక మెట్టు పైనుంచే, తాతయ్య దగ్గర నుంచే కొట్టేసింది. చదువుకున్న పిల్లే, తొందర. అలా కొడితే లోపలున్న రెండు ఫోల్డర్లూ అందరికీ తెరుచుకుంటాయట. మాకా సంగతి తెలియదు. లోపలి గదిలో మంచం మీద అక్క, చెరో పక్క రమేశ్ పిల్లలిద్దరూ. అక్కకు ఫోను వాడటం బాగా వచ్చు. "అగో, గొల్ల ఎల్లయ్య! బాట పంచాయతి! గీయన మీసాలు గింతుండెరా" అని ఒకటే సంబరం. స్వాతి, "డాడీ, చూస్తుండు. ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కు, అంతే" అని రమేశ్ భార్యకు సాయంగా వంటింట్లోకి పోయింది.

నేను నల్ల కిటికీ ముందు కూర్చున్నాను. లోపల ఎవరు ఏ కాగితం తెరిచినా అక్కడ ఒక గీత పడుతోంది, ఏ ఫోను, ఏ వేళ, ఏ కాగితం అని. పాత రోజుల్లో రైతు తన అర్జీ తాను చూసుకోవాలంటే అరుగు మీద కూర్చోవాలి, మున్షీ సాబ్ చాయ్ అయిపోవాలి, ఆయన కేకెయ్యాలి, అక్క తేవాలి, ఆయన చదవాలి. ఇప్పుడు పదేళ్ల పిల్ల వేలు పెడితే వస్తోంది. ఐదు సెకన్ల పనికి మేము ఒక మనిషిని ఖర్చుపెట్టాం కదా అనుకుంటున్నాను. అప్పుడు పడింది ఆ గీత. ఇంగ్లీషు అక్షరాల్లో తెల్లవి అని, పక్కన నంబరు. ఆ ఫోల్డర్లో చిట్టచివరి నంబరు, మూటలో అట్టడుగు కాగితం. అక్క మూటను ఎప్పుడూ అడుగునుంచే చూస్తుంది.

లోపలి గదిలో మాటలు ఆగాయి. కిటికీలో మళ్లీ అదే గీత, అదే నంబరు. మళ్లీ అదే. మూసి తెరుస్తోంది, మూసి తెరుస్తోంది. నేను కంట్రోల్, సీ నొక్కాను. ఇంత వయసొచ్చాక, అన్నీ తెలిశాక, ఆలోచించకుండా మళ్లీ అదే పని చేశాను.

"నానమ్మా, వస్తలేదు" అంది పిల్ల.

"తమ్మీ" అని పిలిచింది అక్క. "నువ్వు బంద్ చేసినవా?"

లేచి వెళ్లాను. ఫోన్లో అప్పటికే తెరిచిన కాగితం అలాగే ఉంది. అక్క కళ్లద్దాలు పైకి తోసుకుని పెదవులు కదుపుతూ చదువుతోంది. "నా పేరుంది" అంది.

"ఉందక్కా."

"సంగారెడ్డి పోయొచ్చి లేదంటివి. కిందిదాక సూసిన అంటివి."

అక్క ఫోను ఒళ్లో పెట్టుకుంది.

"తెల్ల మూటల ఎవలు వెట్టిన్రు?"

"నాయిన" అన్నాను. అప్పుడు కూడా అలాగే అన్నాను.

అక్క నా వైపు చూసింది. "నాయినకు గంత ఉపాయం రాదు" అంది. "నాయినైతే సందుకల వెట్టి తాళమేస్తుండె. నేను తెల్ల మూట ముట్టనని లెక్కేసి దాసెటోడు నువ్వే."

"నేనే అక్కా" అన్నాను.

వంటింట్లోంచి స్వాతి, రమేశ్ భార్య వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. రమేశ్ కూడా వచ్చాడు. అక్క కళ్లలో నీళ్లు లేవు. గొంతు మాత్రం ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. "నౌకరి పోతే పోయింది తమ్మీ. గంతకంటె పోయినోళ్లున్నరు. నేను మొద్దుదాన్ననుకున్న. ఇన్నేండ్లు గట్లనే అనుకున్న. గీ రమేశ్ సిన్నప్పుడు లెక్కలు పట్టుకోనొస్తే, నాకు రావు బిడ్డా, మీ బాపు నడుగు అన్న. గాయిన తప్పు జెప్తుంటె ఇనుకుంట కూసున్న. నాకు వచ్చేటివి. నాకు లెక్కలు వచ్చేటివి తమ్మీ."

రమేశ్, "అమ్మా" అని ఆమె భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చెయ్యి తీసి పక్కన పెట్టింది. "బిడ్డా స్వాతీ, అది మల్ల షురూ జెయ్యి. అందరి ఫోన్లల రావాలె" అంది. స్వాతి నా ముఖం చూసింది, అక్క ముఖం చూసింది, ఏమీ అడగకుండా ముందు గదిలోకి పోయి వాక్యం మళ్లీ కొట్టింది. అక్క ఒక్కొక్కరికీ నంబరు చెప్పింది. రమేశ్ తెరిచాడు. "సదివినవా? నా పేరు ఏడున్నది?" "పైన, రెండో వరసల, అమ్మా." కోడలు తెరిచింది. పిల్లలు తెరిచి ఆ టైపు అక్షరాలు కూడబలుక్కుంటూ గట్టిగా చదివారు, ఎంపిక అయినారు అన్నచోట పెద్దపిల్ల ఆగి, "నానమ్మా, నువ్వు గప్పుడే పాసైనవా?" అంది. "పాసైన" అంది అక్క. ఆ మాట మళ్లీ ఇంకోసారి అంది.

స్వాతి తన ఫోన్లో చదివి, కళ్లు తుడుచుకుంటూ నా వైపు తిరిగింది. "డాడీ, నీ ఫోన్లో పెట్టనా?"

"ఆయనకెందుకు బిడ్డా" అంది అక్క. "ఆయన ఎప్పుడో సదివిండు."

పుట్టిన దగ్గరనుంచి నన్ను తమ్మీ అని తప్ప ఇంకో మాట అని ఎరగని మనిషి.